ఆలస్యం ఎవరిది?

మీ ఇంట్లో పెద్దవాళ్ళు పేపరు చదువుతూ, తల ఎత్తకుండా సలహాలు చెప్పటం మీరు చూసే ఉంటారు. నేనూ ఆ జాతివాణ్ణే. అటువంటి సలహా ఒకటి చెప్పి, ఒక చిన్నపిల్ల రెండేళ్ళపాటు కూడబెట్టుకున్న డబ్బు దాదాపు గంగలో కలపబోయాను. ఆ సంగతి మీకు చెబుతాను. రేపు మీకూ అటువంటి అవసరం రావచ్చు.

మేముండేది హైదరాబాదులో, బషీర్‌బాగ్‌లో. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరంలోనే నిజాం కాలేజీ, లాల్ బహదూర్ స్టేడియం ఉన్నాయి. మేము కింద ఉంటాము, మా అక్కయ్యవాళ్ళు పైన ఉంటారు. 2017లో నేనొక కంప్యూటరు కొన్నాను. కొన్నేళ్ళు వాడుకుని, నాకు దానితో అవసరం తగ్గిన తరువాత, అక్కయ్య కూతురికి ఇచ్చేశాను. ఆ అమ్మాయికి పక్షులంటే ప్రాణం. తెల్లవారుజామునే వాళ్ళ నాన్నను నిద్ర లేపి, నాంపల్లి పబ్లిక్ గార్డెన్‌కు తీసుకుపోయి, చెట్ల మీద చిలుకలనూ గోరువంకలనూ ఫోనుతో సినిమా తీసేది. ఇంటికి వచ్చి, అనవసరమైన ముక్కలు కత్తిరించి, మాటలు చేర్చి, పది నిమిషాల సినిమాగా తయారుచేసేది. ఈ పనంతా నేనిచ్చిన కంప్యూటరు మీదే.

2024 వేసవి సెలవుల్లో ఒకనాడు ఆ అమ్మాయి కిందికి వచ్చి, "మామయ్యా, కంప్యూటరు బొత్తిగా నత్తలాగా నడుస్తున్నది. ఏం చెయ్యాలి?" అని అడిగింది.

నేను పేపరులోంచి తల ఎత్తలేదు. "ప్రాసెసరు పాతబడింది, తల్లీ. మార్చాలి," అన్నాను.

అది అంతటితో పోతుందనుకున్నాను. కాని, మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి ఒక బిస్కట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. మూత తీస్తే అందులో తొమ్మిది వేల రూపాయలున్నాయి. పండగలకూ పుట్టినరోజులకూ తాతయ్యా అమ్మమ్మా ఇచ్చిన నోట్లన్నీ మడతలు విప్పి, పేర్చి, రబ్బరుబ్యాండు వేసి పెట్టుకున్నది. "వెళ్దామా, మామయ్యా?" అన్నది. నా మాట మీద అంత నమ్మకం! కాదనలేకపోయాను. చెప్పులు వేసుకున్నాను.

ప్రాసెసరు అంటే ఏమిటో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. కంప్యూటరు పెట్టె విప్పితే లోపల ఒక పెద్ద పలక ఉంటుంది. దాన్ని మదర్‌బోర్డు అంటారు. దాని మీద, ఫ్యాను కింద, బిస్కట్టంత బిళ్ళ ఒకటి దాగి ఉంటుంది. అదే ప్రాసెసరు. కూడికలు, పోలికలు, నిర్ణయాలు అన్నీ అదే చేస్తుంది. ఇంటెల్ కంపెనీవారు 1971లో అమ్మకానికి పెట్టిన 4004 అనే మొదటి బిళ్ళలో 2,300 ట్రాన్సిస్టర్లు మాత్రమే ఉండేవి. ఇప్పటి బిళ్ళల్లో అవి వందల కోట్లుంటాయి. అంతకు ముందు కంప్యూటరు అంటే బీరువాలంత ఉండేది. మన హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును తయారుచేసింది. ఈ మేనకోడలి ఫోనులో ఉన్న బిళ్ళ ముందు ఆనాటి ఏ యంత్రమూ నిలవలేదు.

మా కంప్యూటరులో ఉన్నది కోర్ ఐ3-7100 అనే ప్రాసెసరు. అది క్షణానికి 390 కోట్ల సార్లు టిక్కుటిక్కుమంటుంది. దాని లోపల పనిచేసేవారు ఇద్దరు. వారిని కోర్లు అంటారు. వంటింట్లో ఇద్దరు వంటవాళ్ళున్నట్టు అనుకోండి.

సరే, బస్సు కోసం బయలుదేరాము. సికింద్రాబాదు పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని ఒక పెద్ద భవనం ఉన్నది. అందులో ఏ అంతస్తులో చూసినా కంప్యూటరు దుకాణాలే. మే నెల ఎండలో బస్టాపులో అరగంట నిలబడితే బస్సు వచ్చింది. ఎక్కిన తరువాత ఇరవై నిమిషాల్లో ట్యాంక్‌బండ్ మీదుగా చేరుకున్నాము. ఈ అరగంటా ఇరవై నిమిషాలూ మీరు గుర్తుంచుకోండి. తరువాత పనికి వస్తాయి.

బయలుదేరే ముందే నేను కొంచెం చదువుకుని, తెలివిగలవాణ్ణి అనుకున్నాను. ప్రాసెసరు కూర్చునే గూటిని సాకెట్టు అంటారు. మా బోర్డు సాకెట్టు పేరు 1151, అంటే దానికి అన్ని మొనలుంటాయన్నమాట. దుకాణంలో ఎనిమిదవ తరం ప్రాసెసరు ఒకటి కనిపించింది. దాని పెట్టె మీద కూడా 1151 అనే ఉన్నది! "ఇది ఇవ్వండి," అన్నాను.

దుకాణదారు చాలా మంచివాడు. "అన్నా, మీ బోర్డు ఏది?" అని అడిగాడు.

చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆరవ, ఏడవ తరాలకూ, ఎనిమిదవ, తొమ్మిదవ తరాలకూ మొనల లెక్క ఒక్కటే అయినా, ఆ మొనల్లో కొన్నిటి పని మారిపోయిందట. బిళ్ళ గూటిలో కూర్చుంటుంది గాని, కంప్యూటరు లేవదు. మా బషీర్‌బాగ్ సంగతీ ఇంతే కదా అనుకున్నాను. వెనక సర్ ఆస్మాన్ జా అనే పైగా ప్రభువు ఇక్కడ ప్యాలెస్ కట్టించాడు. ఇప్పుడు ఆ ప్యాలెసూ లేదు, బాగూ లేదు. పేరు చూసి తోట కోసం వచ్చినవాడికి బస్సులూ దుకాణాలూ కనిపిస్తాయి. పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు.

"మీ బోర్డుకు పనికివచ్చే వాటిల్లో మంచిది ఇదీ," అంటూ ఆయన వాడిన ప్రాసెసరు ఒకటి చూపించాడు. కోర్ ఐ7-7700. వెల 7,500 రూపాయలు. అందులో వంటవాళ్ళు నలుగురు. కాని, మా అమ్మాయి దాని మీద ఉన్న అంకెలు చదివి, "మామయ్యా, దీని మీద 3.6 అని ఉన్నది. మనది 3.9 కదా! ఎక్కువ డబ్బిచ్చి తక్కువది కొనుక్కోవటమా?" అన్నది.

దుకాణదారు నవ్వాడు. 3.6 అనేది తీరుబాటు నడక మాత్రమే. అవసరమైనప్పుడు అది 4.2 దాకా పరుగెత్తుతుంది. పైగా నలుగురు కలిసి పనిచేస్తారు గనక, నలుగురికీ పంచగల పని అయితే ఎంతో ముందే ముగుస్తుంది. అంకె ఒక్కటే చూసి ప్రాసెసరును అంచనా కట్టకూడదు.

నేను డబ్బా తెరవబోతున్నాను. అప్పుడా పిల్ల మరొక ప్రశ్న వేసింది. "ఇంతకూ మామయ్యా, నెమ్మదిగా ఉన్నది ప్రాసెసరేనని నీకెట్లా తెలిసింది?"

నా దగ్గిర జవాబు లేదు. నిజం చెప్పాలంటే, నాకు తెలియనే తెలియదు. పాత వస్తువు గనక పాతబడి ఉంటుందనుకున్నాను, అంతే. దుకాణదారు కూడా నా మొహం చూసి ఊరుకున్నాడు. "ఇంటికి వెళ్ళి చూసుకుని వస్తాము," అని చెప్పి బయటికి వచ్చేశాము. ఉత్త చేతులతో తిరిగి వస్తున్నందుకు నాకు కొంచెం సిగ్గుగానే ఉన్నది.

వచ్చేటప్పుడు కూడా బస్సు కోసం నిలబడవలసి వచ్చింది. అమ్మాయి చాలాసేపు ఆలోచించి, "మామయ్యా, ఈ బస్సు విమానంలాగా ఎగిరివెళ్ళినా మనకు పెద్ద లాభం లేదు," అన్నది.

"అదేమిటి?"

"పొద్దున మనం అరగంట బస్టాపులో ఉన్నాము, ఇరవై నిమిషాలు బస్సులో ఉన్నాము. బస్సు రెండు రెట్లు వేగంగా పోతే పది నిమిషాలు కలిసివస్తాయి. ఎగిరిపోతే ఇరవై. ఆ అరగంట మాత్రం అట్లాగే ఉంటుంది."

నేను ఆశ్చర్యపోయాను. ఎందుకంటే, ఈ మాటనే 1967లో అమెరికాలో జీన్ అమ్డాల్ అనే ఇంజనీరు కంప్యూటర్ల గురించి చెప్పాడు. ఆయన ఐ.బి.ఎం. కంపెనీలో పెద్ద పెద్ద కంప్యూటర్లకు రూపకల్పన చేసినవాడు. పనిలో ఒక భాగాన్ని ఎంత వేగం చేసినా, వేగం చెయ్యని భాగం తీసుకునే కాలం తగ్గదు అన్నదే ఆయన చెప్పిన దానిలోని సారం. దీనికి లెక్క కూడా ఉన్నది. దాన్ని అమ్డాల్ సూత్రం అంటారు. బషీర్‌బాగ్ బస్టాపులో నిలబడిన పిల్ల దాన్ని తనంతట తానే పట్టుకున్నది!

అయితే, మా కంప్యూటరులో బస్టాపు ఎక్కడున్నది? ఇంటికి రాగానే అది తేల్చటానికి కూర్చున్నాము. అమ్మాయి ఒక నోటుపుస్తకం తెచ్చి గీతలు గీసింది. ఫోనులో ఉన్న స్టాప్‌వాచీ నా చేతికిచ్చింది. కంప్యూటరు మీట నొక్కిన దగ్గిర నుంచి పని చెయ్యటానికి సిద్ధమయ్యేదాకా మూడు నిమిషాల ఇరవై సెకన్లు. పది నిమిషాల పక్షుల సినిమా తయారు కావటానికి నలభై మూడు నిమిషాలు.

విండోస్‌లో టాస్క్ మేనేజర్ అని ఒకటి ఉన్నది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలూ ఒక్కసారి నొక్కితే అది తెరుచుకుంటుంది. ప్రాసెసరు ఎంత పనిలో ఉన్నదో, మెమరీ ఎంత నిండిందో, డిస్కు ఎంత తీరిక లేకుండా ఉన్నదో అందులో కనిపిస్తుంది. మీరు కూడా చూడండి, దానివల్ల ఏమీ చెడిపోదు. మేము కంప్యూటరు మొదలుపెట్టి దాన్ని తెరిచాము. ప్రాసెసరు వందకు పదిహేను, ఇరవై పాళ్ళు పనిచేస్తున్నది. మిగిలిన కాలమంతా గోళ్ళు గిల్లుకుంటున్నదన్నమాట! డిస్కు మాత్రం వందకు వంద. నాలుగు జి.బి.ల మెమరీ కూడా దాదాపు నిండిపోయింది.

ఇక్కడ కొంచెం ఆగి, ఒక చిన్న లెక్క చూద్దాము. మా కంప్యూటరులో ఉన్నది తిరిగే డిస్కు. నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 120. మనకు కావలసిన సమాచారం డిస్కులో ఎక్కడో ఒకచోట ఉంటుంది గనక, అది సూది కిందికి రావటానికి సగటున అరచుట్టు పడుతుంది. అరచుట్టు అంటే సెకనులో 240వ వంతు. రెప్పపాటు కన్నా ఎంతో తక్కువ. కాని, ఆలోగా మన ప్రాసెసరు ఎన్నిసార్లు టిక్కుమంటుందో తెలుసునా? ఒక కోటీ అరవై లక్షల సార్లు! అన్ని సార్లూ అది చేతులు ముడుచుకుని కూర్చోవలసిందే. సూది అటూ ఇటూ జరగటానికి పట్టే కాలం నేను లెక్కలో వెయ్యనే లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడనే సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. మెమరీ నిండిపోయినప్పుడు కథ మరీ పాడవుతుంది. పట్టని సరుకంతా కంప్యూటరు ఆ డిస్కు మీదకే దించుతూ, మళ్ళీ ఎత్తుకుంటూ ఉంటుంది.

ఇక పక్షుల సినిమా సంగతి. అది తయారవుతున్నప్పుడు చూస్తే కథ తిరగబడింది. ప్రాసెసరు వందకు వంద, డిస్కు హాయిగా ఉన్నది. నా సలహా ఇక్కడన్నా నిజమైందని సంతోషించబోయాను. కాని, అమ్మాయి మరొక అంకె మీద వేలు పెట్టింది. మొదట్లో 3.9 ఉన్న వేగం, పదినిమిషాలు గడిచేసరికి 3.2కు జారింది. పెట్టె మీద చెయ్యి వేసి చూశాను. వేడిగా ఉన్నది.

కరెంటు తీసేసి పెట్టె విప్పాము. అబ్బ, ఏం చెప్పమంటారు! ఫ్యాను రెక్కల మీదా, దాని కింద ఉన్న అల్యూమినియం రేకుల మధ్యా దుమ్ము దుప్పటిలాగా పరుచుకున్నది. ఏడేళ్ళ బషీర్‌బాగ్ దుమ్మంతా అక్కడే ఉన్నది. ప్రాసెసరు మితిమీరి వేడెక్కితే, కాలిపోకుండా తనంతట తానే నడక తగ్గించుకుంటుంది. పాపం, దాన్ని ముసలిదని అన్నాను గాని, అది ఉక్కిరిబిక్కిరి అవుతున్నది!

రంగులు వేసే కుంచె ఒకటి తెచ్చి దుమ్మంతా దులిపాము. ఫ్యాను రెక్కలు వేలితో పట్టుకుని దులపాలి, లేకపోతే అవి గిర్రున తిరిగి పాడవుతాయి. ప్రాసెసరుకూ రేకులకూ మధ్య పూసే పేస్టు ఎండి పెచ్చులు కట్టింది. దాన్ని తుడిచేసి, కొత్తది తెచ్చి పూశాము. దానికి నూట యాభై రూపాయలు. మళ్ళీ సినిమా తయారుచేస్తే ముప్పై ఆరు నిమిషాలు పట్టింది. ప్రాసెసరు మార్చకుండానే దాని వేగం పెరిగింది.

రెండు రోజుల తరువాత మళ్ళీ పార్క్ లేన్‌కు పోయి, తిరగని డిస్కు ఒకటి, ఎనిమిది జి.బి.ల మెమరీ పలక ఒకటి కొన్నాము. తిరగని డిస్కును ఎస్.ఎస్.డి. అంటారు. అందులో చక్రమూ లేదు, సూదీ లేదు. అడిగిన వెంటనే సమాచారం చేతికిస్తుంది. దానికి 2,600, మెమరీకి 1,700 అయింది.

మెమరీ పలక నేనే పెట్టాను. పెట్టి మీట నొక్కితే తెర మీద ఏమీ రాలేదు! మళ్ళీ నొక్కాను. ఫ్యాను తిరుగుతున్నది గాని, తెర నల్లగానే ఉన్నది. నా గుండె ఆగినంత పనయింది. చిన్నపిల్ల డబ్బు, చిన్నపిల్ల కంప్యూటరు, పాడుచేసింది మేనమామ! అమ్మాయి మాత్రం కంగారు పడలేదు. కరెంటు తీయించి, పెట్టెలోకి తొంగి చూసి, "మామయ్యా, ఇది ఒక పక్క పైకి లేచి ఉన్నది," అంటూ బొటనవేలితో గట్టిగా నొక్కింది. టిక్కుమని శబ్దమయింది. ఈసారి మీట నొక్కగానే తెర వెలిగింది.

విండోస్‌ను కొత్త డిస్కు మీదకు చేర్చిన తరువాత, నోటుపుస్తకం తీసి మళ్ళీ కాలం కొలిచాము. మూడు నిమిషాల ఇరవై సెకన్లు పట్టే పని ముప్పై ఒక్క సెకన్లలో అయిపోయింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. సినిమాకు మాత్రం అదే ముప్పై ఆరు నిమిషాలు. అక్కడ బస్టాపు లేదు, అంతా ప్రయాణమే. అది తగ్గాలంటే నిజంగా ప్రాసెసరు మార్చవలసిందే. కొత్తదానితో సగానికి సగం, పద్ధెనిమిది నిమిషాలకు దిగుతుందని మా అంచనా.

డబ్బాలో ఇంకా 4,550 రూపాయలున్నాయి. నేను కొంత వేసుకుంటే 7,500 అవుతుంది. వేసుకోవటానికి సిద్ధపడ్డాను కూడాను, నా తప్పు దిద్దుకున్నట్టు ఉంటుంది కదా అని. కాని, అమ్మాయి లెక్క వేసింది. నెలకు రెండు సినిమాలు. ఒక్కొక్కదానికి పద్ధెనిమిది నిమిషాలు మిగిలితే, నెలకు ముప్పై ఆరు నిమిషాలు. ఆ ముప్పై ఆరు నిమిషాలూ తను కంప్యూటరు ముందు కూర్చునేది కాదు. సినిమా మొదలుపెట్టి, భోజనానికి పోయి, పెరుగన్నం తినేసరికి అయిపోయేది. "నేను అన్నం తినేటప్పుడు అది పనిచేసుకుంటే మనకేం, మామయ్యా?" అన్నది.

నేను మరొక సంగతి కూడా చెప్పాను. ఈసారి పేపరు పక్కన పెట్టే చెప్పాను. మా కంప్యూటరులో ఉన్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ కంపెనీ మామూలుగా ఇచ్చే మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగుస్తాయని అప్పటికే చెప్పారు. విండోస్ 11కు పనికివచ్చే ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా, కొన్నిటిని తప్పించి, ఎనిమిదవ తరంతో మొదలవుతుంది. ఐ7-7700 ఎంత గట్టిదైనా ఏడవ తరానిదే. అంటే, 7,500 పోసి కొన్నా, ఏడాదిన్నర తిరక్కుండానే మళ్ళీ ఇదే గుమ్మం దగ్గిర నిలబడవలసి వస్తుంది. పాత గూటికి ఖరీదైన చిలుకను కొనటం నాకు ఇష్టం లేదన్నాను. అమ్మాయి డబ్బా మూత పెట్టేసింది.

ఆ అక్టోబరు రానే వచ్చింది. మేము ఆ కంప్యూటరులో లినక్స్ వేసుకున్నాము. అది ఉచితంగా దొరుకుతుంది, మా పాత ప్రాసెసరుతో దానికి పేచీ లేదు. హైదరాబాదులోని స్వేచ్ఛ అనే సంస్థవారు తెలుగులో కనిపించే లినక్స్ కూడా తయారుచేశారు.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. కాని, నోటుపుస్తకం అమ్మాయి దగ్గిరే ఉన్నది. ప్రాసెసరు కోసం తను నిజంగా కాచుకున్న ప్రతిసారీ అందులో ఒక గీత గీస్తున్నది. భోజనం వేళ జరిగినవి లెక్కలోకి రావు, అది తనే పెట్టుకున్న నియమం. మొదటి నెలల్లో గీతలు మూడో, నాలుగో. ఇప్పుడు బళ్ళో పక్షుల సంఘం ఒకటి పెట్టారు. మిగతా పిల్లలు తీసినవన్నీ సినిమాలు చెయ్యటం ఈ అమ్మాయి వంతయింది. వారానికి నాలుగు. అన్ని భోజనాలు ఎవరు చేస్తారు?

మొన్న ఆదివారం డబ్బా పట్టుకుని మళ్ళీ కిందికి వచ్చింది. అందులో ఎంత ఉన్నదో నేను అడగలేదు. ఈసారి బోర్డుతో సహా కొత్తది కావాలట. నేను పేపరు మడిచి పెట్టి, "ముందు ఆ నోటుపుస్తకం ఇటు తే, తల్లీ," అన్నాను. ఇద్దరమూ గీతలు లెక్కపెడుతున్నాము.